దేశాన్ని అమ్మేశారా, తాకట్టు పెట్టారా? ఒక వాణిజ్య ఒప్పందం మీద జరిగిన ఎన్నిక కథ

మీరు అడిగినవి రెండు. ఏ వాణిజ్య ఒప్పందం కుదిరినా ప్రతిపక్షం "దేశాన్ని తాకట్టు పెట్టారు" అంటుంది కదా, ఆ మాటకు నిజంగా అర్థముందా, లేక మైకు ముందు అనే మాటేనా అన్నది ఒకటి. జనం ఆ ఒక్క విషయం మీదే ఓటేసిన దేశం ఏదైనా ఉందా, ఉంటే ఆ తరువాత ఏమైంది అన్నది రెండోది. రెండోదానికి జవాబు దొరికితే మొదటిది సగం తేలిపోతుంది. అందుకని అటు నుంచే వస్తాను.

ఉంది. కెనడా, 1988 నవంబరు 21, అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద జరిగిన ఎన్నిక. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చదువుకోవడానికి వెళ్లి ఏడాది దాటిందంతే, కాబట్టి ఓటు లేదు. ఉన్న ఊరు విండ్సర్. నదికి ఇవతల మేము, అవతల డెట్రాయిట్. రాత్రిపూట ఒడ్డున నిలబడితే అమెరికా దీపాలు నీళ్లలో కనిపించేవి. ఆ తరువాత అదే ఊళ్లో ఇరవై ఏడేళ్లు కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర పనిచేశాను. లారీ వంతెన ఎక్కే ముందు దానిలోని సరుకు ఏ దేశంలో తయారైందో, ఎంత సుంకం పడుతుందో కాగితాల మీద తేల్చడమే నా ఉద్యోగం. ఆ విధంగా ఆ ఒప్పందంతో నాది రోజువారీ పరిచయం.

కథ వెనక్కి వెళితే 1911లో మొదలవుతుంది. అప్పటి ప్రధాని, లిబరల్ పార్టీ నాయకుడు విల్‌ఫ్రిడ్ లోరియే అమెరికాతో పరస్పర సుంకాల తగ్గింపుకు ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఇంతలో అమెరికా కాంగ్రెస్‌లో పెద్ద నాయకుడైన చాంప్ క్లార్క్, ఉత్తర ధ్రువం దాకా అమెరికా జెండా ఎగిరే రోజు కోసం చూస్తున్నానని సభలోనే అనేశాడు. ఇక కన్జర్వేటివ్‌లకు వేరే ప్రచారం అక్కర్లేకపోయింది. లోరియే ఓడిపోయాడు, ఒప్పందం చెత్తబుట్టలోకి పోయింది. ఆ దెబ్బకు తరువాత డెబ్బై ఏళ్ల పాటు ఏ ప్రధానీ ఆ మాటను ఎన్నికల గుమ్మం దాకా తేలేదు.

గమనించండి, 1911లో ఒప్పందం తెచ్చింది లిబరల్స్, "దేశం పోతుంది" అన్నది కన్జర్వేటివ్‌లు. 1988 నాటికి ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. పైగా 1988లో ఒప్పందాన్ని భుజాన వేసుకున్న కన్జర్వేటివ్ ప్రధాని బ్రయన్ మల్రూనీ, 1983లో పార్టీ నాయకత్వానికి పోటీ పడేటప్పుడు అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్యం వద్దన్నవాడే. 1985లో ఒక రాయల్ కమిషన్ దాన్ని సిఫారసు చేసింది. ఆ కమిషన్‌ను వేసింది అంతకు ముందటి లిబరల్ ప్రభుత్వం, దాని అధ్యక్షుడు డొనాల్డ్ మెక్‌డొనాల్డ్ మాజీ లిబరల్ ఆర్థిక మంత్రి! మన దగ్గర పార్టీలు అధికారంలో ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి అంటాయని మనం విసుక్కుంటాం. ఆ జబ్బు మనకొక్కరికే సొంతం కాదు.

చర్చలు 1986లో మొదలై, 1987 అక్టోబరు 3 అర్ధరాత్రి గడువుకు కొద్ది నిమిషాల ముందు తేలాయి. 1988 జనవరి 2న రీగన్, మల్రూనీ ఎవరి చోట వాళ్లు సంతకాలు పెట్టారు. అక్కడితో అయిపోవాల్సింది. ఎందుకు కాలేదంటే, కెనడాలో సంతకం పెట్టే అధికారం ప్రభుత్వానిదే అయినా, ఒప్పందం అమలు కావాలంటే చట్టాలు మారాలి, చట్టం మారాలంటే బిల్లు రెండు సభలూ దాటాలి. ఎగువ సభ సెనేట్‌లో లిబరల్స్‌దే మెజారిటీ. జులైలో ప్రతిపక్ష నాయకుడు జాన్ టర్నర్, ప్రజలు ఎన్నికల్లో తీర్పు చెప్పేదాకా బిల్లును ఆపమని తన సెనేటర్లకు చెప్పాడు. జనం ఎన్నుకోని సభ, జనం ఎన్నుకున్న సభ పంపిన బిల్లును, జనం పేరు చెప్పి ఆపింది. అక్టోబరు 1న మల్రూనీ ఎన్నికలు ప్రకటించాడు.

అక్టోబరు 25న ఇంగ్లీషులో టీవీ చర్చ. మా ఇంటి యజమాని కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నేలమాళిగలో ఉన్న నన్ను పైకి పిలిచి కూర్చోబెట్టాడు. అప్పటికి టర్నర్ పని అయిపోయిందనే అందరూ అనుకుంటున్నారు. నడుం నొప్పితో కుంటుతూ తిరుగుతున్నాడు, సొంత పార్టీలోనే అతన్ని దించే మంతనాలు జరిగాయని వార్తలొచ్చాయి. చర్చ చివరి భాగంలో హఠాత్తుగా మల్రూనీ వైపు తిరిగి, మీరు మమ్మల్ని అమ్మేశారని నేను నమ్ముతున్నాను అన్నాడు. ఒక్క సంతకంతో నూట ఇరవై ఏళ్ల చరిత్రను తిరగరాశారని, ఆర్థిక పగ్గాలు పోతే రాజకీయ స్వాతంత్ర్యం కూడా వాటి వెంటే పోతుందని విరుచుకుపడ్డాడు. మల్రూనీ ముఖం ఎర్రబడింది. దేశభక్తి మీ ఒక్కరి సొత్తు కాదన్నాడు. ఆ వెంటనే ఒక మాట అన్నాడు, దాన్ని గుర్తుపెట్టుకోండి: ఇది వాణిజ్య పత్రం మాత్రమే, ఆరు నెలల నోటీసు ఇస్తే రద్దు చేసుకోవచ్చు.

మా ఇంటాయన బల్ల మీద చరిచి, అదిగో పట్టుకున్నాడు అన్నాడు. కార్ల కార్మికుల సంఘం ఒప్పందానికి బద్ధవ్యతిరేకి, ఈయనా అంతే. తమాషా ఏమిటంటే ఆ క్షణంలో ఆయన ఫ్రిజ్‌లో ఉన్న పాలు, వెన్న, కోడి అన్నీ డెట్రాయిట్‌వే. ఆయన భార్య ప్రతి శనివారం వంతెన దాటి వెళ్లి, అక్కడ చవకని తెచ్చేది. ఆ ఇంట్లో స్వేచ్ఛా వాణిజ్యం ఏనాడో అమలైపోయింది, సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ ఎన్నికల్లో అందరికీ గుర్తుండిపోయింది మాత్రం ఒక ప్రకటన. లిబరల్స్ వేశారు. ఇద్దరు అధికారులు బల్ల దగ్గర కూర్చుని ఉంటారు, ముందు ఖండం పటం. ఒక గీత మార్చాలనుకుంటున్నామని అమెరికా ఆయన అంటాడు. ఏ గీత అని కెనడా ఆయన అడుగుతాడు. ఇదిగో ఇది, అడ్డంగా ఉంది అంటూ ఆయన రబ్బరు తీసుకుని సరిహద్దును చెరపడం మొదలుపెడతాడు. అరనిమిషం, అంతే. ఒప్పందంలోని వందల పేజీలను ఆ రబ్బరు ముక్క ఓడించేసింది. ఒక దశలో గాలప్ సర్వేలో లిబరల్స్ పన్నెండు పాయింట్లు ముందుకు పోయారు. అప్పుడు కన్జర్వేటివ్‌లు అదే పటం పెట్టి, పెన్సిలుతో గీతను మళ్లీ గీసే ప్రకటన వేశారు. వాళ్ల అసలు దాడి మాత్రం వేరే చోట సాగింది. ఒప్పందం మంచిదని జనాన్ని ఒప్పించడం కష్టం కాబట్టి, టర్నర్ నమ్మదగిన మనిషి కాడని ఒప్పించడం మీద పడ్డారు. జనం భయానికీ టర్నర్‌కూ మధ్య ఉన్న వంతెనను కూల్చడం అని దానికి వాళ్లే పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వ వైద్యసేవ పోతుందని టర్నర్ పక్షం భయపెడుతుంటే, ఆ వైద్యసేవకు పితామహుడనదగ్గ మాజీ న్యాయమూర్తి ఎమ్మెట్ హాల్, ఒప్పందంలో అలాంటిదేమీ లేదని బయటికి వచ్చి చెప్పాడు. వ్యాపార సంఘాలు పత్రికల్లో ధారాళంగా ప్రకటనలు కుమ్మరించాయి.

ఫలితం: 295 సీట్లలో మల్రూనీకి 169. కానీ ఓట్లు 43 శాతమే. ఒప్పందాన్ని వ్యతిరేకించిన లిబరల్స్‌కు, మూడో పార్టీ ఎన్‌డీపీకి కలిపి 52 శాతం. జనం ఒప్పుకున్నారా? సీట్లు లెక్కపెడితే ఒప్పుకున్నారు, ఓట్లు లెక్కపెడితే ఒప్పుకోలేదు. టర్నర్ మాట నిలబెట్టుకున్నాడు, సెనేట్ డిసెంబరు చివర్లో బిల్లును వదిలేసింది, 1989 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

ఇక ఆ పత్రంలో నిజంగా దేశాధికారాన్ని కోసే నిబంధన ఉందా అంటే, ఉంది. రబ్బరు ప్రకటనలో దాని ఊసే లేదు. ఇంధన అధ్యాయంలో 904వ అధికరణం. కొరత వచ్చి కెనడా తన చమురు, గ్యాస్ ఎగుమతులకు కోత పెట్టాలనుకుంటే, గడచిన 36 నెలల్లో మొత్తం సరఫరాలో అమెరికాకు ఎంత వాటా వెళ్లిందో ఆ వాటా తగ్గకూడదు. నూరు పీపాల్లో యాభై అమ్ముతూ వచ్చారనుకోండి, చేతిలో అరవై పీపాలే మిగిలిన నాడు కూడా ముప్ఫై అటు అందుబాటులో ఉంచాలి. మా వాళ్లకు చలి వేస్తోంది, ముందు మాకు అనడానికి లేదు. తరువాత మూడు దేశాలకూ కలిపి నాఫ్టా (ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) వచ్చినప్పుడు మెక్సికో ఈ షరతుకు ఒప్పుకోకుండా మినహాయింపు తీసుకుంది, కెనడా మాత్రం కొనసాగించింది.

ఇక్కడే నాకు చాలా ఏళ్లు అర్థం కాని విషయం ఒకటుంది. ఇంత ఘోరంగా కనిపించే ఆ షరతును అందరికన్నా ఎక్కువ కోరుకున్నది చమురు పండే అల్బర్టా రాష్ట్రమే. 1980లో ట్రూడో (పెద్దాయన, జస్టిన్ తండ్రి) ప్రభుత్వం జాతీయ ఇంధన కార్యక్రమం పేరుతో తమ చమురు ధరను అణిచిపెట్టి తూర్పు రాష్ట్రాలకు మేలు చేసిందని వాళ్ల కడుపుమంట. మళ్లీ ఒటావాలోని కేంద్ర ప్రభుత్వం అలా చేయకుండా అంతర్జాతీయ ఒప్పందంతో కాళ్లూ చేతులూ కట్టేయాలని వాళ్లు చూశారు. 26 సీట్లలో 25 మల్రూనీకే ఇచ్చారు. క్విబెక్ కూడా అంతే, 75లో 63; అక్కడి ముఖ్యమంత్రి రాబర్ట్ బురాసా పేరుకు లిబరలే అయినా ఒప్పందం వైపు నిలబడ్డాడు. కాబట్టి సార్వభౌమాధికారం పోతుందని ఎవరైనా అంటే, ఎవరి చేతిలోంచి పోతుంది, ఆ చెయ్యి ఇంతకుముందు ఎవరి మెడ మీద ఉంది అని నేను అడుగుతాను. రాజధాని చేజారిన అధికారం ఒక మూలన ఉన్నవాడికి ఊరట కావచ్చు.

1988లో ఎవరూ భయపడని చోటి నుంచి వచ్చిన దెబ్బ ఇంకొకటి. 1994లో అమలైన నాఫ్టాలో పదకొండో అధ్యాయం, విదేశీ పెట్టుబడిదారు నేరుగా ప్రభుత్వం మీద మధ్యవర్తుల ముందు దావా వేయవచ్చంది. 1988 నాటి ఒప్పందంలో అది లేదు. 1997లో కెనడా ఎంఎంటీ అనే పెట్రోలు సంకలితం దిగుమతిని నిషేధిస్తే, దాన్ని తయారుచేసే ఇథైల్ అనే అమెరికా కంపెనీ దావా వేసింది. 1998లో కెనడా నిషేధం ఎత్తేసి, కంపెనీకి కోటీ ముప్ఫై లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. పార్లమెంటు చేసిన చట్టం అలా వెనక్కి నడిచింది. దీన్ని రబ్బరుతో టీవీలో ఎలా చూపిస్తారు? అన్నట్టు 1993 ఎన్నికల్లో నాఫ్టాను తిరిగి చర్చిస్తామని వాగ్దానం చేసి గెలిచిన లిబరల్స్, కొన్ని అనుబంధ ప్రకటనలు జోడించుకుని దాన్ని దాదాపు యథాతథంగా అమలు చేశారు. ఆ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లకు దక్కినవి రెండంటే రెండు సీట్లు.

వివాదాలు తీర్చే ఉమ్మడి సంఘాల సంగతి కూడా చెప్పాలి. అమెరికా ఇష్టం వచ్చినట్టు వేసే అదనపు సుంకాల నుంచి రక్షణ అని కెనడా పట్టుబట్టి సాధించుకున్నది అదే. కలప విషయంలో కెనడా అక్కడ పదేపదే గెలిచింది. అయినా 2006లో రాజీ కుదిరే నాటికి వసూలైన సుమారు 500 కోట్ల డాలర్ల సుంకంలో దాదాపు 100 కోట్లు అమెరికాలోనే ఉండిపోయాయి. కేసు గెలిచి, సొమ్ములో అయిదో వంతు వదులుకుని ఇంటికి రావడం మన కోర్టు పక్షులకు కొత్తేమీ కాదనుకోండి.

ఇప్పుడు మల్రూనీ చెప్పిన ఆరు నెలల నోటీసు దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. టర్నర్ అమ్మేశారన్నాడు. మల్రూనీ, అమ్మలేదు, కావాలంటే విడిపించుకోవచ్చు అన్నాడు. అంటే మన భాషలో తాకట్టు. కాగితం ప్రకారం మల్రూనీ మాటే నిజం. కానీ నగ తాకట్టు పెట్టినవాడికి విడిపించుకునే హక్కు ఎప్పుడూ ఉంటుంది, ఉండాల్సింది స్తోమత. ఏడాదికేడాది ఫ్యాక్టరీలు వంతెనకు అటూ ఇటూ అల్లుకుపోయాయి. నేను చూసిన కాగితాల్లోనే, కారు సీటులో వాడే ఒక భాగం పూర్తి కారుగా మారేలోపు మూడు నాలుగు సార్లు నది దాటేది. కెనడా ఎగుమతుల్లో నాలుగింట మూడు వంతులు ఒకే దేశానికి వెళ్తుంటే ఆ నోటీసు మీద సంతకం పెట్టే ప్రధాని ఎవరు? టర్నర్ చెప్పినంత నాటకీయంగా ఏదీ కూలిపోలేదు, వైద్యసేవ ఉంది, జెండా ఉంది. అయినా ఆర్థిక పగ్గాల గురించి ఆయన అన్నదాంట్లో ఉన్న నిజం మెల్లగా బయటపడింది.

ఎలాగంటే, ఆ నోటీసు నిబంధన నాఫ్టాలోనూ ఉండేది. 2017లో దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టింది కెనడా కాదు, డొనాల్డ్ ట్రంప్. తప్పుకుంటామని బెదిరించి కొత్త చర్చలకు కూర్చోబెట్టాడు. మల్రూనీ తమకు రక్షణగా చూపించిన తలుపుకు తాళంచెవులు రెండున్నాయని, రెండోది ఎవరి దగ్గరుందో అప్పుడు తెలిసింది. ఆ చర్చల్లో వచ్చిన కొత్త ఒప్పందం 2020 జులై 1న అమలైంది. ఇంధన వాటా షరతు పోయింది, అమెరికా, కెనడాల మధ్య పెట్టుబడిదారు దావాలూ పోయాయి. అంటే టర్నర్ పక్షం భయపడాల్సిన అసలు నిబంధన, అమెరికా బెదిరింపుతో మొదలైన చర్చల్లోనే తొలగిపోయింది. చరిత్రకు ఇలాంటి వెటకారాలు ఇష్టం. బదులుగా ఆరో ఏట ఉమ్మడి సమీక్ష అనే కొత్త కత్తి వచ్చి చేరింది.

2025 వచ్చేసరికి మొత్తం తలకిందులైంది. ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం అన్నాడు, సుంకాలు వేశాడు. జనవరిలో ఇరవై పాయింట్లకు పైగా వెనుకబడిన లిబరల్స్, మార్క్ కార్నీ నాయకత్వంలో ఏప్రిల్ 28న గెలిచారు. మళ్లీ 169 సీట్లే! సభ పెద్దదైంది కాబట్టి మెజారిటీ రాలేదు. 1988లో సార్వభౌమాధికారం పేరు చెప్పినవాళ్లు ఒప్పందాన్ని చించమన్నారు. 2025లో అదే పేరు చెప్పినవాళ్లు ఒప్పందాన్ని అవతలివాడు చించుతున్నాడని కోపగించారు. మార్చిలో, కొత్త ఒప్పందం నిబంధనలకు సరిపోయే సరుకుకు సుంకం మినహాయిస్తామని అమెరికా ప్రకటించగానే, రిటైరైన నాకు పాత ఆఫీసు నుంచి ఫోను. మూలదేశ ధ్రువపత్రం ఎందుకులే, అదో తలనొప్పి అని ఏళ్ల తరబడి నింపని చిన్న ఎగుమతిదారులంతా ఒక్కసారిగా క్యూ కట్టారట. దేశాన్ని అమ్మేసిన కాగితం అనిపించుకున్నదే గొడుగైంది.

మన సంగతి కొద్దిగా. మన దగ్గర ఇది ఎన్నికల అంశం ఎందుకు కాదని మీరు అడగొచ్చు. దేశభక్తి తక్కువై కాదు, తలుపు లేక. ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు, సుంకం తగ్గింపు చాలావరకు కస్టమ్స్ చట్టం కింద నోటిఫికేషన్‌తో అయిపోతుంది. కెనడా సెనేట్‌కు దొరికిన బిల్లు మన రాజ్యసభకు దొరకదు. దొరికినప్పుడు గొడవ జరిగింది కూడా: పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం చేశాక పేటెంట్ల చట్టం మార్చక తప్పలేదు, 1995 బిల్లు రాజ్యసభలో చిక్కుకుపోయింది. అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో మన మీద కేసు గెలిచింది, 1999లో చట్టం మారింది. 2019 నవంబరు 4న ఆర్‌సెప్ (ఆసియా-పసిఫిక్ దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందం) నుంచి తప్పుకోవడం కూడా ప్రభుత్వ నిర్ణయమే, సభలో ఓటింగ్ లేదు.

ఇంకో మాట. గోదావరి జిల్లాల పామాయిల్ రైతు దిగుమతి సుంకం తగ్గితే గెలల ధర పడిపోతుందని భయపడతాడు, అదే తగ్గింపు హైదరాబాదులో వంటనూనె కొనేవాడికి ఊరట. ఏ ఒప్పందమూ లేకుండానే 2025 ఆగస్టులో అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరి భీమవరం రొయ్యల రైతును కొట్టింది. సంతకం పెట్టకపోతే స్వతంత్రంగా ఉంటామన్న లెక్క కూడా అంత సూటిగా తేలదు.

ఈసారి ఎవరైనా "తాకట్టు" అంటే ఏ నిబంధన అని అడగండి. ఒప్పందం పూర్తి పాఠం దొరికితే, మన దగ్గర సాధారణంగా సంతకాలయ్యాకే దొరుకుతుంది, నేనైతే చివరి అధ్యాయం నుంచి చదువుతాను. నోటీసు ఎన్ని నెలలో అక్కడ రాసి ఉంటుంది.